దుఖాన్‌లో బస

సమస్త లోకాలకూ నీడ అయిన శ్రీమన్నారాయణుడికి నమస్కారం. పాలకడలిలో శేషుడి మీద పవళించే స్వామి యశోదమ్మ రోటికి కట్టుబడి కూడా ఉండగలిగాడు. ఏ చోటూ తక్కువ కాదని నేర్పిన ఆ దయకు కోటి దండాలు.

ఈ ఉదయం దోహా శివార్లలో, ఐన్ ఖాలిద్‌లోని మా వంటింట్లో పులిహోర పోపులో ఇంగువ వేశాను. అప్పుడే బయట గాలి లేచి, కిటికీ సందులోంచి సన్నటి ఇసుక వాసన వచ్చింది. ఇంగువా ఇసుకా కలిసిన ఆ వాసనకు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టీచరమ్మగారు గుర్తుకొచ్చారు.

ఆవిడ పేరు కామేశ్వరి. దోహాలో ఒక భారతీయ పాఠశాలలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పారు. అల్ మన్సూరాలో ఆవిడ ఉండే రెండు గదుల ఫ్లాటులో ప్రతి శుక్రవారం పొద్దున్నే విష్ణు సహస్రనామ పారాయణ జరిగేది. పెళ్ళయి కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఆ ఇల్లే నాకు పుట్టిల్లు. మా తాతగారు పురాణం చెప్పేవారు కనుక శ్లోకాలు నాకు నోటికి వచ్చు. ఆ సంగతి పదిమందికీ తెలియాలన్న కోరిక కూడా ఉండేది. టీచరమ్మగారు మాత్రం దేవుడి పటానికి ఎదురుగా ఎప్పుడూ కూర్చునేవారు కారు. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట చాప వేసుకునేవారు. ఎందుకని అడిగితే, ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొహమాటపడి వెనక్కి పోకుండా పట్టుకోవడానికని నవ్వేవారు.

అలా ఆవిడకు దొరికినవాడే గంగారాం. జగిత్యాల వైపు పల్లెటూరివాడు, దుఖాన్‌లో సైటు పని చేసేవాడు. ఒక శుక్రవారం సెలవు దొరికి, ఎవరో చెబితే మా మెట్లెక్కి వచ్చాడు. ప్రసాదం తిన్నాక మెల్లగా మనసులో మాట చెప్పాడు. క్యాంపులో మనవాళ్ళు పదిహేనుమంది ఉన్నారట. అందరికీ ఒకేసారి సెలవు రాదట. తెల్లవారుజామునైతే డ్యూటీ బస్సు ఎక్కేముందు అందరూ దొరుకుతారు, మీరే ఒకసారి వచ్చి దేవుడి పేరు వినిపించరాదా అన్నాడు. టీచరమ్మగారు అక్కడికక్కడే మాట ఇచ్చారు. వచ్చే శుక్రవారం సాయంత్రం వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, శనివారం తెల్లవారగానే పారాయణ చెయ్యాలని నిర్ణయమైంది. బస చూసే పని నాకు అప్పగించారు.

దుఖాన్ అంటే ఒకపక్క సముద్రం, మిగిలిన పక్కలన్నీ ఎడారి, మధ్యలో చమురు ఊరు. నాకు మూడు చోట్లు దొరికాయి. సముద్రం ఒడ్డున హోటలు బాగుంది గాని అక్కడ వండుకోనివ్వరు, నైవేద్యం కుదరదు. ఊరి బయట ఒక ఖతరీ పెద్దాయన తోటలో గుడారాలు అద్దెకిస్తారు. కానీ పక్కనే మేకల కొట్టం, అక్కడి పొయ్యి మీద రోజూ మాంసం. ఆ మాట వినగానే దాన్ని కొట్టేశాను. మూడోది చమురు కంపెనీ స్టాఫ్ కాలనీలో బంగళా. మా సత్సంగంలో ఒకరి బంధువులు సెలవుకు ఇండియా వెళుతూ తాళాలు ఇస్తామన్నారు. శాకాహారుల వంటిల్లు, తూర్పు ముఖం గది, మడిబట్టలు ఆరేసుకోవడానికి పెరడు. స్వామే చూపించాడనుకుని ఒప్పేసుకున్నాను.

మంగళవారం ఆ ఫొటోలు టీచరమ్మగారికి చూపించాను. ఒక్కో గదినీ పెద్దది చేసి చూసి, బాగుందన్నారు. తరవాత కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

“గంగారాం ఎక్కడ కూర్చుంటాడే పద్మా?”

ఇంటి ముందున్న పచ్చిక చూపించాను.

“కాలనీ గేటు దాటి ఆ పచ్చిక దాకా ఎలా వస్తాడు?”

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. వెంటనే గంగారాంకి ఫోను చేశాను. లోపలికి రావాలంటే ప్రతి మనిషికీ పాసు కావాలట. పదిహేనుమందికి మూడు రోజుల్లో అయ్యే పని కాదు. బంగళా అనుకున్నామని తెలిసినప్పుడే అతనికి ఈ సంగతి తెలుసు, మాతో చెప్పలేక ఊరుకున్నాడు.

“ఏం కాదక్కా, మీరు మంచిగ చేసుకోండ్రి. మేం బయట రోడ్డు మీద బస్సుల కూసుంటం. మైకు ఉంటది గద, ఇనబడ్తది.”

మా దగ్గర మైకు లేదు. ఫోను టీచరమ్మగారి చేతికిచ్చాను. రోడ్డు మీద కూర్చునే పని లేదనీ, మేమే గేటు బయట, ఆ తోట గుడారంలో దిగుతామనీ ఆవిడ అతనికి చెప్పారు. ఫోను పెట్టేసి నావైపు తిరిగారు.

“పోయిన శుక్రవారం కృష్ణుడు విదురుడింట్లో దిగిన కథ చెప్పి మా అందరినీ ఏడిపించావు. ఈ వారం ఆయనకి దుర్యోధనుడి మేడ బుక్ చేశావు.”

చెవులు వేడెక్కాయి. మరి మడి సంగతేమిటని గొణిగాను.

“పొయ్యి మనం పట్టుకెళదాం. మేకలకి నేను సర్దిచెబుతాను.”

శుక్రవారం సాయంత్రం తోటకు చేరేసరికి కాపలాదారు ఎదురొచ్చాడు. సూడాన్ మనిషి. మాకోసం మేకను కొయ్యనా అని సైగ చేశాడు. వద్దంటే, “లహమ్ మాఫీ?” అని, మాంసం లేకుండానా అన్నట్టు మూడుసార్లు అడిగాడు. మాంసం పెట్టకుండా అతిథుల్ని ఎలా పడుకోబెట్టాలో అతనికి తోచలేదు. చివరికి మా మీద జాలిపడి ఖర్జూరాలూ గిన్నెడు మేకపాలూ తెచ్చిచ్చాడు. టీచరమ్మగారు ఆ పాలనే కాచి నైవేద్యానికి పెట్టారు. మేకపాలా అనుకుంటూనే నేను చక్కెర అందించాను.

తూర్పు తెలుపెక్కుతుండగా ఇసుకలో బారుగా నడిచి వచ్చారు వాళ్ళు. తడి తలలు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, పదిహేనుమందికి బదులు ఇరవైమంది. గుడారం ముందుభాగం పైకెత్తి కట్టాం. నామాలు మొదలుపెడితే వాళ్ళకి నోరు తిరగలేదు. నేను ఒక్కోటీ రెండుసార్లు పలికించబోయాను. భక్తి పోయి పాఠం వచ్చింది. టీచరమ్మగారు నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, మీ ఊళ్ళో ఏం పాడతారని గంగారాంని అడిగారు. అతను కాసేపు సిగ్గుపడి, రామ భజన ఎత్తుకున్నాడు. తాళానికి స్టీలు పళ్ళెం, చెంచా. ఇరవై గొంతులు ఒక్కసారి అందుకునేసరికి కొట్టంలో మేకలు కూడా ఊరుకోలేదు. నేను మొదటిసారి వెనక వరసలో కూర్చుని, నాకు రాని పాటను వాళ్ళ నోటివెంట నేర్చుకుంటూ పాడాను. అంత ఆనందం నాకు నోటికొచ్చిన ఏ శ్లోకంలోనూ దొరకలేదు.

డ్యూటీ బస్సు వచ్చింది. వాళ్ళ అమ్మకు ఎడారి దేశాలన్నీ దుబాయే. పులిహోర పొట్లం అందుకుంటూ గంగారాం అన్నాడు.

“దుబాయ్‌ల గుడి ఉన్నదారా అని మా అమ్మ ఫోన్ల ఎప్పుడూ అడుగుతది. ఉన్నదే, మేకల కొట్టం పక్కకే ఉన్నదని ఇయ్యాల చెప్త టీచరమ్మా.”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు.

టీచరమ్మగారు పోయినేడు కార్తీకంలో స్వామి సన్నిధికి చేరుకున్నారు. ఆవిడ చాప ఇప్పుడు మా గుమ్మం పక్కన ఉంది, శుక్రవారాలు దాని మీద నేను కూర్చుంటున్నాను. ఎక్కడ బస చూడమన్నా ముందు గదులు చూడను, గేటు చూస్తాను. ఇవాళ మళ్ళీ దుఖాన్ వెళుతున్నాం, ఆ తోటకే. పొయ్యి కారు డిక్కీలో ఎక్కింది. కొత్తగా వచ్చిన నలుగురిని వెంటబెట్టుకొస్తానని గంగారాం కబురు పెట్టాడు.

చదువుతున్న మీరు కూడా, ఉన్నచోటే ఒక్క క్షణం చేతులు జోడించండి. “స్వామీ, మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినవాణ్ణి మాకు చూపించు, వాడితోపాటు నువ్వూ లోపలికి రా” అని నాతో కలిసి వేడుకోండి. గోవిందా.