కాయిల్ మంచిదే

స్పార్క్ ప్లగ్గు అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. నేను మాత్రం ఒకదాన్ని తొమ్మిదేళ్లుగా మోస్తాండా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతాను.

హిందూపురంలో నా షెడ్డుకు బెంగళూరు కార్లు వరుస కట్టేవి. బానెట్టు మీద చెవి పెడితే చాలు, ఇంజను తన జబ్బు నాతో చెప్పుకునేది. చూసినారా, తప్పు ఒప్పుకోడానికి కూర్చుని కూడా కోతలే. బెంగళూరు కార్లు వచ్చింది రెండు. అందులో ఒకటి లేపాక్షికి దారి అడగడానికి.

ధర్మవరంలో పట్టుచీరలమ్మే శెట్టికి ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. ఎర్రది, నేలకు ఆనుకుని పోయేది, ఇద్దరికే చోటు. అది పోతా పోతా కుదుపులిచ్చి మిస్సింగ్ కొడుతూంటే పెనుకొండ ఓబులేసుకు చూపించినాడు. నేనూ ఓబులేసూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చినోళ్లం. వాడు ప్లగ్గులకు కరెంటు తోసే కాయిళ్లు నాలుగూ మీటరు పెట్టి చూసి, కాయిళ్లు బాగుండాయి, ప్లగ్గులు మారిస్తే చాలన్నాడు. ఆ ప్లగ్గులు తన దగ్గర లేక, శెట్టిని నా దగ్గరికి పంపినాడు. తనే పంపినాడు. అది గుర్తుంచుకోండి.

ఆ రోజు ఆయుధపూజ. పానాలకు, జాకీకి, అన్నిటికీ తడి విభూతి, కుంకుమ పెట్టి ఉన్నా. కొత్త ప్లగ్గులకు మాత్రం ఎందుకు తక్కువ చేయాల? తెల్లటి పింగాణీ మీద ముచ్చటగా బొట్లు పెట్టి బిగించినా. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నోణ్ణి, ఆ పింగాణీకి తడి వేలు కూడా తగలకూడదని తెలిసినోణ్ణి. భక్తా? కాదు. షెడ్డు నిండా జనం ఉన్నారు, వాళ్లు చూడాలని.

కారు పెనుకొండ దాటకముందే కుదుపులు మొదలై, తాడు కట్టించుకుని వెనక్కి వచ్చింది. మూడో ప్లగ్గు తీసినా. బొట్టు మీదుగా సన్నటి నల్లగీత. కరెంటు లోపలికి పోకుండా ఆ తడి పట్టుకుని బయటే పారిపోయింది. ఒక్క చూపులో తెలిసిపోయింది. ప్లగ్గును గుప్పిట్లో మూసేసినా.

"ఏమప్పా, ఏమయింది?" అన్నాడు శెట్టి.

"కాయిల్ పోయింది శెట్టీ. ఎవురు చూసినారు దీన్ని?"

"ఓబులేసు. బాగుండాదన్నాడే."

"మీటరు పెట్టి చూసినాడా, వాసన చూసినాడా?"

షెడ్డంతా నవ్వింది. నా జన్మలో అంత బాగా పేలిన జోకు ఇంకోటి లేదు. ఆ కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూస్తే నిజం తేలిపోతుంది. మార్చలేదు. ఎందుకు మార్చలేదు? తేలిపోతుందని. కొత్త కాయిల్, కొత్త ప్లగ్గు వేసి పంపినా. కారు బాగా పోయింది. నా అబద్ధం నిజమైపోయింది.

జోకు కారు కంటే ముందు ధర్మవరం చేరింది. వాసన ఓబులేసు అన్నారు. బండి తెచ్చినోళ్లు బానెట్టు ఎత్తకముందే నవ్వేవాళ్లు. తర్వాత తేవడమే మానేసినారు. రెండేళ్లకు షెడ్డు మూసేసి, రొద్దం దగ్గర ఎవరి తోటకో కాపలా పోయినాడు.

మొన్న పెనుకొండ బస్టాండులో కనపడినాడు. నాకు టీ తెచ్చిచ్చి, పక్కన కూర్చుని, "అన్నా, ఆ కాయిల్లో తప్పు నాకు కనపడనే లేదు. నేను యాడ పొరపాటు పడినానో చెప్పన్నా" అన్నాడు. ఎగతాళేమోనని మొహంలోకి చూసినా. కాదు. నేర్చుకుందామనే అడుగుతాండాడు. ఇన్నేళ్లూ తన చేతినే తను అనుమానించుకుంటూ బతికినాడు.

నేనేం చెప్పినా? "అందరికీ అవుతాంటాయి లే అబ్బా" అన్నా. క్షమించినట్టు. నేను, వాణ్ణి.

ఆ పాత కాయిల్ నా సొరుగులోనే ఉండాది. ఈ పొద్దు తీసి, కొత్త ప్లగ్గు తగిలించి, బ్యాటరీ తీగ తాకించి తీసినా. టప్పుమని నీలి నిప్పు.

ఓబులేసు ఇది చదవడు. వాడి ముందుకు పోయి చెప్తానని మీకు మాటివ్వను, నా మాటల సంగతి పైనే చూసినారు. ఒక్క నిజమైనా కోతల్లేకుండా రాయగలనేమో చూద్దామని కూర్చున్నా, అంతే.

కాయిల్ మంచిది. వాడు సరిగ్గానే చూసినాడు. బొట్టు పెట్టింది నేను.