పెదవి మీద దారం

తెల్లవారుజామున సుబ్బరత్నం వీధిలోకి వచ్చి, కొంగుముడి విప్పి జానెడు నూలుదారం తీసేది. రెండు చేతులతో పట్టుకుని కింది పెదవికి ఆనించేది. కళ్ళు మూసుకునేది. దారం మెత్తగా వాలితే గాలిలో తడి ఉన్నట్టు. గరుగ్గా నిలిస్తే పొడి ఉన్నట్టు. రెంటికీ మధ్యన ఉంటే కళ్ళు తెరిచి, "చాపండి" అనేది.

ఆ ఒక్క మాట కోసం వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉండేది.

కంకిపాడు దాటి కాలువ గట్టున పోతే ఆ వీధి వస్తుంది. దేవాంగులది. ఇంటింటా గుంట మగ్గం. బట్టకి నిలువు దారాలైన పడుగు మగ్గమెక్కే ముందు దానికి గంజి పట్టించాలి. అంత పొడుగు నూలుకి ఇల్లు చాలదు. వీధిలో కత్తెర కర్రలు నిలబెట్టి, వాటిమీద పడుగు చాపి సాగదీసి, చెరొకవైపు నుంచీ కుంచెలతో గంజి దువ్వుకుంటూ పోతారు. త్వరగా ఆరితే దారం పెళుసెక్కి తెగుతుంది. ఆరకపోతే దారాలు ఒకదాన్నొకటి అతుక్కుని పడుగంతా తాటిచాపలా తయారవుతుంది. ఇక అది దేనికీ పనికిరాదు.

అంచేత ముందు గాలి, తర్వాత మగ్గం.

సుబ్బరత్నానికి ఈ విద్య ఎవరూ నేర్పలేదు. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు గంజి కాచే పని అప్పజెప్పింది. దారం కొస తడపడానికి పెదవి మీద పెట్టుకోవడం ఆ వీధిలో అందరూ చేసేదే. ఈమె పెట్టుకుని ఆగేది. ఆగితే ఏదో తెలిసేది. తెలిసింది మొగుడికి చెప్పింది. అతను నవ్వాడు. తర్వాత విన్నాడు. అతను పోయాక వీధి వినడం మొదలుపెట్టింది. పిల్లలు లేరు. బెజవాడ దాటి ఎరగదు. పుష్కరాలకి అక్కడికే వెళ్ళి, ఆనకట్ట కింద మునిగి లేచి, తడి బట్టలతోనే దారం పెదవికి ఆనించుకుంటే పక్కవాళ్ళు అదేదో మొక్కు అనుకున్నారు.

యుద్ధం ముగిశాక తమ్ముడు మల్లేశ్వరరావు వచ్చి అక్క ఇంట్లోనే దిగాడు. పట్టాళంలో లారీ తోలుతూ ఇటలీ దాకా పోయినవాడు. ఓడ దిగాక రైల్లో అతనికి వెంకటప్పయ్య తోడయ్యాడు. ఆయనది కంకిపాడు, వ్యవసాయం. బస్రాలో పట్టాళపు సామాన్ల గోడౌనులో పనిచేసి వస్తున్నాడు. పొద్దు వాలితే చాలు, ఆయన సైకిలు సుబ్బరత్నం అరుగుకి ఆని ఉండేది. ఇద్దరూ యుద్ధం ఊసెత్తేవాళ్ళు కారు. వానల గురించి, గాలుల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

"మా బస్రాలో వసంతమంటే దుమ్మేనయ్యా. మిట్టమధ్యాహ్నం లాంతరు పెట్టుకుని అన్నం తిన్నాం. అన్నంలో ఇసకో, ఇసకలో అన్నమో."

"అదేం గొప్ప వెంకటప్పయ్యగారూ? నేపుల్సు దగ్గర చెట్లు పూతమీద ఉన్నాయి. నిప్పులు కక్కే కొండ పేలింది. బూడిద వాన! పూలన్నీ నల్లబడ్డాయి. లారీ మీద పడ్డదాన్ని పారలతో ఎత్తిపోశాం."

"అబద్ధమాడినా అతికినట్టుండాలి. వానని పారతో ఎత్తడమేమిటయ్యా?"

"మీ లాంతరు అతికిందేమిటి మరి?"

గడపలో కూచుని కండెలు చుట్టుకుంటున్న సుబ్బరత్నం తలెత్తి అడిగేది.

"ఒరే మల్లేశూ, అక్కడ దారం ఎట్టా ఉంటుందిరా?"

"ఏ దారమక్కా?"

"పెదవి మీద పెడితే."

మొదట్లో నవ్వారు. తర్వాత ఆలోచించి చెప్పడం అలవాటైంది. బస్రాలో అయితే గంజి కుంచెలో ఉండగానే ఎండిపోతుంది. ఇటలీలో దసరా దాటాక పడుగు చాపితే వారమైనా ఆరదు, బూజు పడుతుంది. సామాన్లతో పర్షియా వెళ్ళినప్పుడు, అక్కడి కొండల్లో ఒక శరత్తులో చెట్లకి చెట్లే కుంకం రంగు తిరిగాయని వెంకటప్పయ్య చెప్పాడు.

"గాలి చల్లనమ్మా. కానీ పొడి."

సుబ్బరత్నం చేతిలో కండె ఆగిపోయింది. ఆమె ఎరిగిన చల్లదనం తడిదే. చల్లగా ఉండీ తడిలేని గాలి! అలాంటి గాలి ఒకటి, తను పుట్టకముందు నుంచీ, ఎవరికీ చెప్పకుండా ఎక్కడో వీస్తూ ఉంది.

అలా ఆమెకి ప్రపంచం వచ్చింది. దేశాల పేర్లు గుర్తుండేవి కావు. పడుగు ఆరేచోటు, ఆరనిచోటు అని గుర్తుండేది.

అవి కంట్రోలు రోజులు. నూలు సర్కారు వంతుల ప్రకారమే దొరికేది, ఆ చలికాలమంతా అదీ రాలేదు. పక్కింటి కోటిలింగం మగ్గం గుంటలో పిల్లి ఈనింది. ఉగాది వెళ్ళాక ఎట్టకేలకు అతని వంతుకి ఒక పడుగుకి సరిపడా నూలు వచ్చింది. పెళ్ళాం చౌడేశ్వరి దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చింది.

"అత్తా, ఈ పడుగు పోయిందంటే గుంట పూడ్చేస్తా," అన్నాడు కోటిలింగం. "బెజవాడ పోయి గూడ్సు షెడ్డులో మూటలు మోసుకుంటా. నా నాయన నేసిన మగ్గమని కూడా చూడను."

"పోదులేరా," అంది సుబ్బరత్నం.

ఆ సాయంత్రం మల్లేశ్వరరావు, ఇటలీలో తను చూసిన ఒక వసంతపు పొద్దు గురించి చెప్పాడు. చెట్ల నిండా తెల్లటి పూత. తెల్లవారేసరికి పూత మీద మంచు. ఏది పువ్వో, ఏది మంచో తెలియలేదు. చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉన్నది మంచు అనుకున్నాడు. పువ్వూ చల్లగానే ఉంది. వెంకటప్పయ్య ఈసారి వెక్కిరించలేదు. పొద్దుపోయిందని అరుగుమీదే పడుకున్నాడు. ఆ మంచు కబురు సుబ్బరత్నంతోపాటే నిద్రపోయింది, ఆమెతోపాటే లేచింది.

వేకువన దారం పెదవికి ఆనించింది. దారం చల్లగా, మెత్తగా వాలింది.

ఇదేమిటి? చైత్రం. శివరాత్రికే చలి శివశివా అంటూ పోయింది. ఆకాశంలో చుక్కలు శుభ్రంగా ఉన్నాయి. వేపపూత వాసన వేస్తోంది. ఈ నెలలో భయమంటూ ఉంటే ఎండ భయమే. రాత్రి విన్న కబురు తాలూకు చల్లదనం పెదవి మీద మిగిలిపోయింది కాబోలు అనుకుంది. తనలో తను నవ్వుకుంది. గుమ్మంలో కోటిలింగం, చౌడేశ్వరి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"చాపండి," అంది.

గంజి పట్టించడం సగమైంది. కాలువ మీద పాలు పొంగినట్టు ఏదో తెల్లగా లేచింది. గట్టు దిగింది. తాటిచెట్లు మొదళ్ళు పోయి తలలు మిగిలాయి. తర్వాత తలలూ పోయాయి. కుంచెతో నడుస్తున్న కోటిలింగం నడుస్తూనే కనపడకుండా పోయాడు.

చైత్రంలో మంచు!

సుబ్బరత్నం పడుగు ఇవతలి కొస దగ్గర నిలబడి ఉంది. అవతలి కొస తెల్లదనంలోకి పోయింది. ఎంతదాకా పోయిందో తెలియదు. బస్రా దాకా పోయిందేమో. ఆ పర్షియా కొండల్లో కుంకం రంగు చెట్టుకి ఎవరైనా ముడివేసి ఉన్నారేమో. ఆమె భయపడాల్సింది. భయం రాలేదు. చేతులు రెండూ వాటంతటవే దగ్గరికి వచ్చాయి, దణ్ణం పెట్టడానికి వచ్చినట్టు.

"అత్తా! అతుక్కుంటున్నాయత్తా!" చౌడేశ్వరి గొంతు చీలిపోయింది.

అప్పుడు ఆమె ఈ లోకంలోకి వచ్చింది.

"కుంచెలు దించండి! దువ్వారంటే గంజి కొట్టుకుపోతుంది. వేళ్ళు పెట్టండి. దారం దారం విడదీయండి!"

ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరు ఎక్కడున్నారో కనపడదు. ఒకరున్నచోటే ఇద్దరు తడుముతున్నారు. ఒకచోట ఎవరూ లేరు.

"ఇట్టా మంచు కమ్మితే మేం లారీలాపి వరసగా కేకలేసుకునేవాళ్ళం అక్కా," అన్నాడు మల్లేశ్వరరావు. "ఎవరి చోటు వాళ్ళు చెప్పాలి."

చెప్పుకున్నారు. తెల్లదనంలో గొంతులు మాత్రం నడిచాయి. ఇక్కడ వీడింది. ఇక్కడ పట్టేసింది. ఈ కర్ర దగ్గర ఎవరూ లేరు, రండి.

"నా నాగలి వేళ్ళకి దారాలు దొరకడం లేదమ్మా," అంది వెంకటప్పయ్య గొంతు.

"దొరక్కపోతే మానె, తెంచకండి బాబూ! కర్ర పట్టుకు నిలబడండి," అంది చౌడేశ్వరి గొంతు. అంత ఏడుపులోనూ ఎవరో నవ్వారు.

ఎంతసేపు అలా చేశారో. తూర్పున తెల్లదనం పలచబడింది. పొద్దు ఎక్కడుందో తెలిసింది. ఒక్కసారిగా వెలుగు పడుగు మీద పడింది.

ప్రతి దారం మీదా నీటిపూసలు. పూసపూసలో పొద్దు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెలుగునే ఎవరో సాగదీసి కర్రలమీద వేసినట్టుంది. వేళ్ళన్నీ ఆగిపోయాయి. గొంతులు ఆగిపోయాయి. చౌడేశ్వరి కూడా, చెంపలమీద తడి తుడుచుకోకుండా, చూస్తూ ఉండిపోయింది.

"మల్లేశూ," అంది సుబ్బరత్నం మెల్లగా. "నువ్వు చూసింది ఇదేనా?"

"కాదక్కా. ఇది నేనెక్కడా చూడలేదు."

ఎండ వచ్చింది. పూసలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పలచగా మళ్ళీ గంజి పట్టించారు. కాలువ వైపు కొంత నూలు పోయింది. మిగతా పడుగు నిలిచింది. కోటిలింగం తెగిన దారాలు వేళ్ళకి చుట్టుకుని వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"నీ పెదవికి ఏమయిందత్తా ఇవాళ?"

"పెదవి చెప్పిందిరా. నేనే నమ్మలేదు. రాత్రి విన్న కబురనుకున్నా."

"కబుర్లకేం, ఎన్నయినా ఉంటాయి," అంది చౌడేశ్వరి. "మాకు మగ్గం ఒకటేగా."

ఆ మాట న్యాయమైంది.

సాయంత్రం వెంకటప్పయ్య, మల్లేశ్వరరావు అరుగు మీద ఎదురెదురుగా కూచున్నారు. ఇద్దరూ బస్రా ఎత్తలేదు, ఇటలీ ఎత్తలేదు.

"ఇవాళ మీరు చెప్పాలమ్మా," అన్నాడు వెంకటప్పయ్య. "మేం అక్కడే ఉన్నామనుకోకండి. లేమనుకుని చెప్పండి."

పక్కింట్లోంచి మగ్గం గుంట ఊడుస్తున్న చీపురు చప్పుడు వినిపిస్తోంది.

"చైత్రంలో మంచు పడింది," అంది సుబ్బరత్నం. "మా వీధిలో."

అంతకుమించి చెప్పలేకపోయింది.

మర్నాడు వేకువన ఎదురింటివాళ్ళు పడుగుతో గుమ్మంలో నిలబడ్డారు. సుబ్బరత్నం వీధిలోకి వచ్చి, కొంగుముడి విప్పి, దారం పెదవికి ఆనించి కళ్ళు మూసుకుంది. తెరిచింది. చాపమనలేదు, ఆగమనలేదు. పక్కింటి గుమ్మం దాకా నడిచి, కళ్ళాపి చల్లుతున్న చౌడేశ్వరి చేతిలో చెంబు తీసి కింద పెట్టింది. ఆ దారాన్నే రెండు చేతులతో పట్టుకుని ఆమె పెదవికి ఆనించి,

"కళ్ళు మూసుకో," అంది. "తొందరపడకు. ఆగు."