మా అత్త చూసిన మంచుదేశాల హత్యలు

మా మేనత్త పోయిన కబురు నాకు ఫోన్లో రాలేదు. ఫోను పనిచేస్తూనే ఉంది. అయినా అత్త ఉండే బిల్డింగులో కింది అంతస్తు డా ఖిన్, అంటే ఖిన్‌గారు, ఆ వయసులో, ఎండలో, బస్సులు మారి ఊరి శివారు మింగళాడోన్‌లోని మా ఇంటికి వచ్చింది. తలుపు తీసి నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, "కూర్చో, తమీ" అంది. తమీ అంటే బర్మా భాషలో కూతురా అని. నేను కూర్చున్నాక తనూ ఎదురుగా కూర్చుంది. మా అత్త పేరు ఇంటిపేరుతో సహా పలికి, "చనిపోయింది. ఇవాళ తెల్లవారాక. మెలకువగానే ఉంది. నేను పక్కనే ఉన్నాను" అంది. నేను ఏడ్చినంతసేపూ అక్కడే కూర్చుంది.

చావు కబురు అలా చెప్పాలని డా ఖిన్‌కి ఎవరు నేర్పారో నాకు తెలుసు. అది చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అత్త పెళ్ళి చేసుకోలేదు. యాంగోన్‌లో ఒక పెద్ద హోటల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరైంది. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు కొంత, చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని నేర్చుకున్నది ఎక్కువ. ఇంటికొస్తే మాత్రం శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన మా పెద్దల తెలుగే. మధ్యమధ్య బర్మా మాటలు దొర్లేవి, అంతే.

ఆమె కాపురం మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైల్వేస్టేషన్ దగ్గరి సందులో, రెండో అంతస్తు. బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడేది, చివర క్లిప్పుతో. పేపరైనా కూరలైనా దానికే తగిలిస్తే పైకి లాక్కునేది. రిటైరైన కొత్తలో కింద డిస్కుల కొట్టతను ఒక రోజు పాత హిందీ సినిమా బదులు ఇంకేదో తగిలించి పంపాడు. అట్ట మీద మంచు, మంచులో ఒక ఆడపిల్ల బూటు. దెయ్యాల సినిమా కాబోలనుకుందట. పెట్టి చూస్తే డెన్మార్క్ పోలీసు సీరియల్, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. మర్నాడు తాడు కిందికి వదిలి, ఇలాంటివే ఇంకా ఉంటే పంపమని కేకేసింది. డెన్మార్క్ తర్వాత స్వీడన్ వచ్చింది, స్వీడన్ తర్వాత నార్వే. కొన్నాళ్ళకు డిస్కుల కాలం పోతే నేనే ఫోన్లో దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేదాన్ని.

మేము అప్పుడు అదే బిల్డింగులో పైఅంతస్తులో ఉండేవాళ్ళం. సాయంత్రాలు అత్త గదిలో చేరేది నేను, డా ఖిన్, ఆమె ఒక్కగానొక్క కూతురు సూ. అత్త ఇంగ్లీషు చదివి నాకు తెలుగులోనూ, వాళ్ళకు బర్మాలోనూ చెబుతూ పోయేది. తెర మీద మంచు పడితే లేచి ఫ్యాను ఆపేసేది. మేము చెమటలు కక్కుతూ గోల పెడితే, "సలేస్తాదే, ఉండండి" అనేది. డిటెక్టివులు రోజంతా కాఫీ మీదే బతకడం ఆమెకు నచ్చేది కాదు.

"ఓలమ్మా, ఈ మనిసి కూడెప్పుడు తింటాదే? పిల్లోడి బడికాడికి ఎల్లాలని మల్లీ మర్సిపోనాది సూడు!"

అక్కడ ఎండాకాలం రాత్రుళ్ళు కూడా వెలుతురుంటుందని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయింది. "అంతెలుగుంటే సంపినోడు యాడ దాక్కుంటాడు?"

ఆ దేశాల సినిమాలు కూడా ఇచ్చాను గానీ అంతగా పట్టలేదు. "సినిమాలో ఏడవడానికి టైమియ్యరే. రెండు గంటల్లో సంపాల, పట్టుకోవాల. సీరియల్లో అయితే తల్లి కూకుని ఏడస్తాది. ఏడవనిస్తారు" అనేది.

సూ చెప్పుల దుకాణంలో లెక్కలు రాసే పిల్ల. నవ్వితే ఎడమ కనుబొమ మీది మచ్చ కూడా నవ్వినట్టుండేది. మొదటి భాగం అవకముందే హంతకుడెవరో చెప్పేసి, మాతో లాపెతో పొట్లం పందెం కాసేది. లాపెతో అంటే తేయాకు ఊరవేసి కలిపే చిరుతిండి. చాలాసార్లు ఓడిపోయి, తనే కొని తెచ్చి, సగం తనే తినేది. అత్తకు హంతకుడి మీద ధ్యాస ఉండేది కాదు.

"సూ సంపింది ఎవుడో సూస్తాది. నాను తల్లికి ఎవులు సెప్తారో సూస్తాను" అనేది నాతో.

నిజమే. ప్రతి కథలోనూ ఒక చోట పోలీసులు చచ్చిపోయిన పిల్ల ఇంటికి వెళ్తారు. తలుపు తడతారు. తల్లిని కూర్చోమంటారు. పిల్ల పేరు చెప్పి, చనిపోయింది అంటారు. ఆ చోటికి రాగానే అత్త ఒక్క మాట కూడా తర్జుమా చేసేది కాదు. రిమోట్‌తో వెనక్కి తిప్పి మళ్ళీ చూసేది. శవం మీద వంగిన డాక్టరు, ఫలానా వేళకూ ఫలానా వేళకూ మధ్య ప్రాణం పోయింది అనగానే తల ఊపేది. "అద్గదీ. ఆ పిల్లకి తిథి దొరికింది."

డా ఖిన్‌కి ఈ మాట అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది. నేను బడిలో చేరిన కొత్తలో, సైనిక పాలన మీద ఊరూరా జనం రోడ్లెక్కిన ఆ మొదటి తిరుగుబాటులో, అత్త తమ్ముడు ఊరేగింపుకని వెళ్ళి తిరిగి రాలేదు. నాకు బాబాయి. నాన్నా అత్తా ఆసుపత్రులన్నీ తిరిగారు. పోయాడని చెప్పినవాళ్ళు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్ళూ లేరు. మా నానమ్మ తద్దినం పెట్టలేకపోయింది. ఏ తిథికని పెడుతుంది? తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉందని పంతులుగారు చెప్పారు. నానమ్మ ఒప్పుకోలేదు. "బతికున్నోడికి పిండం పెడితే?" అంది. అలాగే కన్నుమూసింది. ఆ ప్రశ్న అత్తకు మిగిలింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, మనమంతా చూసిన ఆ ఏడాది, సైన్యం మళ్ళీ గద్దెనెక్కింది. పొద్దువాలితే సైన్యానికి నిరసనగా బాల్కనీలన్నీ గిన్నెలతో, పళ్ళేలతో మోగేవి. అత్త ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టేది. ఇంటర్నెట్ ఆగిపోయింది. అసలే అంటురోగం రోజులు, ఎవరి గడప వాళ్ళది. మేము నలుగురం మాత్రం మాస్కులు కట్టుకుని, తలుపులు బార్లా తీసి పెట్టుకుని, పాత డిస్కులే మళ్ళీ చూసేవాళ్ళం. సూ రోజూ ఊరేగింపులకు వెళ్ళి వస్తోంది. ఒక సాయంత్రం అత్తను అడిగింది.

"పెద్దమ్మా, వీళ్ళు ఒక్క అమ్మాయి చచ్చిపోతే ఊరంతా కలిసి వారాల తరబడి వెతుకుతారు కదా. ఇది నిజమా, కథా?"

అత్త రిమోట్‌తో బొమ్మ ఆపింది. "కథే అయ్యుంటుంది. కానీ అలా ఉండాలని అక్కడ ఎవరో అనుకున్నారు కదా. అది నిజం" అంది.

ఆ వారంలోనే సూను బస్టాపు దగ్గర పట్టుకుపోయారు.

డా ఖిన్ అన్నం డబ్బా పట్టుకుని జైళ్ళూ పోలీసుస్టేషన్లూ గేటు గేటుకూ తిరిగింది. అత్త తోడు వెళ్ళేది. డబ్బా లోపలికి తీసుకున్నారంటే మనిషి అక్కడ ఉన్నట్టు. ఎక్కడా తీసుకోలేదు. ఒక చోట కాపలావాడు, ఆ పేరుగల వాళ్ళు లేరు, వెళ్ళండి అన్నాడట. అత్త కదల్లేదు. "లేరని చెప్పింది మీరే కదా బాబూ, మీ పేరేమిటి? రేపు వచ్చి మిమ్మల్నే అడుగుతాను" అందట. డా ఖిన్ భయపడి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. మర్నాడు అత్త మళ్ళీ బయలుదేరుతుంటే నేను వారించాను.

"అడగడం మానీకూడదే" అంది చెప్పులేసుకుంటూ. "మానేస్తే ఆల్లకి సులువైపోతాది."

మా వీధిలో ఉండే ఒక డ్రైవరు, శవాలను మోసుకెళ్ళే ఒక సేవా సంఘం బండి నడిపేవాడు. ఒక రోజు మెట్ల మీద మా ఆయన్ని ఆపి, సూ ఇక లేదని చెవిలో చెప్పాడు. మా ఆయన అతన్ని వెంటబెట్టుకుని అత్త దగ్గరికి వచ్చాడు. డా ఖిన్‌కి ఎలా చెప్పాలో మాకెవరికీ తోచలేదు.

"ఆసుపత్రిలో ఉందని సెప్దామత్తా. మెల్లిమెల్లిగా తెలుస్తాది" అన్నాడు మా ఆయన.

"మెల్లిగా సెప్తే మెల్లిగా సస్తాది ఆ తల్లి. ఆస పెట్టీకండి." అత్త డ్రైవరు వైపు తిరిగింది. బర్మాలో అడిగింది. "నువ్వు కళ్ళారా చూశావా?"

"లేదమ్మా. నాతో పనిచేసే అతను చూశాడు."

"అయితే వెళ్ళి అతన్ని అడుగు. ఎడమ కనుబొమ మీద మచ్చ ఉందా అని. ఏ రోజు, ఏ వేళ పోయిందని."

"అంత అడగడం ప్రమాదం, అమ్మా."

"తెలుసు నాయనా. నీ మీద ఒత్తిడి లేదు. కానీ రోజు తెలియాలి."

అతను వెళ్ళాడు. ఆ రోజంతా అత్త కిందికి దిగలేదు. తెలిసీ తెలియనట్టు డా ఖిన్‌కి ఎదురుపడడం తన వల్ల కాదంది. మర్నాడు డ్రైవరు వచ్చాడు. మచ్చ ఉందట. మంగళవారమట, తెల్లవారుజామున. శవాన్ని ఇవ్వరు, దహనం వాళ్ళే చేసేశారు.

అత్త స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుంది. నన్ను పిలిచింది. "తోడు రా. మాటాడకు. ఆయమ్మ పడిపోతే పట్టుకో."

డా ఖిన్ నేల మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. అత్త చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది. ఆ వయసులో మోకాళ్ళు వంచి కింద కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. సూ పూర్తి పేరు పలికింది. "చనిపోయింది. మంగళవారం తెల్లవారుజామున. మచ్చ చూసిన మనిషి చెప్పాడు. దహనం అయిపోయింది. నాకు తెలిసింది ఇంతే. తెలియనిది ఏదీ నీకు చెప్పను."

డా ఖిన్ ఇంకో రెమ్మ అందుకుని ఆకులు తుంచింది. "మంగళవారమా?"

"మంగళవారం."

"మంగళవారం పొద్దున్న నేను గేటు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డాను కదా, అమా."

అమా అంటే అక్కా అని.

"అవును. నేనూ నీ పక్కనే ఉన్నాను."

అప్పుడు ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని రాయడానికి నా దగ్గర మాట లేదు. నేను పట్టుకున్నాను. అత్త ఊరుకోమనలేదు, కన్నీళ్ళు తుడవలేదు. చీకటి పడ్డా అక్కడే ఉంది. తర్వాత చాలా రోజులు అక్కడే పడుకుంది.

మంగళవారం నుంచి లెక్కపెట్టి ఏడో రోజున డా ఖిన్ భిక్షువులకు భోజనం పెట్టింది. ఆ పరిస్థితుల్లో ఇద్దరే వచ్చారు. ఆమె నీళ్ళు ధార పోస్తూ కూతురి పేరు చెప్పి పుణ్యం పంచింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త నా చెవిలో, "ఆయమ్మకి రోజుంది" అంది. ఆ ఏడు మహాలయ అమావాస్యకు, మూసి ఉన్న గుడి వెనక వాకిట్లో మా తమ్ముడి చేత బాబాయికి పిండం పెట్టించింది. "ఇంక సాలు. మా యమ్మ కోప్పడితే పైకెల్లి నాను సెప్పుకుంటాను" అంది. ఆమె మొహం అంత తేలికగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

అత్త గదిలో టీవీ చాలా నెలలు మూగగా ఉండిపోయింది. ఒక సాయంత్రం డా ఖిన్ పైకి వచ్చి, మంచంకోడు పక్కన కూర్చుని అడిగింది.

"ఆ బూటు అమ్మాయి కథలో, చంపినవాణ్ణి పట్టుకున్నారా? నాకు గుర్తు లేదు."

"పట్టుకున్నారు."

"తల్లికి చెప్పారా?"

"ఇంటికి వెళ్ళి చెప్పారు."

డా ఖిన్ తెర వైపు తిరిగి కూర్చుంది. "పెట్టు మరి."

ఇద్దరూ మొదటి నుంచీ చూశారు. ఈసారి అత్త తల్లి సీనును వెనక్కి తిప్పలేదు. ముగిశాక డా ఖిన్, మనకీ ఎప్పుడైనా ఎవరైనా వచ్చి చెబుతారా, ఇలా చేసింది ఫలానావాడని, అని అడిగింది. అత్త తనకు తెలియదంది. "కానీ వాళ్ళు వచ్చేసరికి మనం మర్చిపోయి ఉండకూడదు" అంది. నేను అక్కడే ఉన్నాను. టీ గ్లాసులు తీస్తూ విన్నాను.

తర్వాత మా ఆయన ఉద్యోగం కోసం మేము మింగళాడోన్ వచ్చేశాం. అత్తను రమ్మంటే రాలేదు. గుండె నీరసించిపోయిన ఈ ఆఖరి నెలల్లో ఆమెకు స్నానం చేయించి, జావ తాగించింది డా ఖిన్. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. సాయంత్రమయ్యేసరికి, సోదాలు మొదలవకముందే ఇంటికి చేరమని అత్త తొందరపెట్టేది. నాకు బతుకంతా ఇంగ్లీషూ తెలుగూ బర్మా నేర్పిన మనిషి ఆఖరి ఆదివారం మాట్లాడింది తక్కువ. నా చెయ్యి పట్టుకుని, "బాగున్నాదే. అంతా బాగున్నాది" అంది. బాగా లేదని ఇద్దరికీ తెలుసు.

అస్థికలు నదిలో కలపడానికి సేక్కాన్ రేవులో పడవ మాట్లాడుకున్నాం. ఆటు వేళకు రమ్మన్నారు పంతులుగారు. దారిలో సైనికులు బళ్ళు ఆపి సోదా చేయడంతో మేము చేరేసరికి పోటు మొదలైంది. వాన సన్నగా పడుతోంది. నది నడుమ పడవతను ఇంజను ఆపాడు. మా తమ్ముడు కుండ వంచి, వెనకే పూలు వదిలాడు. బంతిపూలు సముద్రం వైపు పోలేదు. పోటు నీటితో వెనక్కి తిరిగి, మా పడవకు రెండు పక్కల నుంచీ ఊరి వైపు ఎదురెక్కాయి. డా ఖిన్ తడుస్తూనే అంచు మీదికి వంగింది. పడవకు తగిలి ఆగిన పువ్వునల్లా వేళ్ళతో మెల్లగా నీళ్ళలోకి జరుపుతూ కూర్చుంది.