మావయ్య మెడలో దండ

నేను ఒక మనిషిని చంపాను. కంగారు పడకండి, పోలీసు కేసేమీ లేదు. చచ్చిపోయినాయన టెక్కలిలో ఇప్పటికీ రోజుకు మూడుసార్లు టీ తాగి, మూడుసార్లూ పంచదార తక్కువైందని తగువు పెట్టుకుంటున్నాడు. కానీ రెండువేల ఆరులో ఒక ఆదివారం ఉదయం, ఆయన ఇంట్లోనే, ఆయన కుర్చీలో ఆయన కూర్చుని ఉండగానే, పాతికమంది చుట్టాల ఎదుట నేనాయనకు దండ వేసి దీపం పెట్టేశాను. పోనీ, ఎవరో దారిన పోయే మనిషా అంటే అదీ కాదు. నాకు పిల్లనివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న సొంత మేనమామ.

మొదటినుంచీ చెబుతాను. నన్ను నేను వెనకేసుకు రాకుండా చెబుతాను. వెనకేసుకు రావడానికి ఏమీ లేదు కూడా.

మాది పూండి దగ్గర ఒక ఊరు. అప్పటికి నాకు పాతికేళ్ళు. పలాసలో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి, దేవుడి పటాలకంటే ఒక జానెడు పైన తగిలించుకున్న రోజులు. ఊళ్ళో ఎవరి టీవీ రిమోటు మొరాయించినా నన్నే పిలిచేవారు. నేను బ్యాటరీలు తీసి, తిప్పి, మళ్ళీ అవే పెట్టేవాణ్ణి. అది పనిచేసేది. దాంతో నేనొక శాస్త్రవేత్తనని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

మా అమ్మ తమ్ముడు దాలినాయుడు మావయ్య టెక్కలిలో ఉంటాడు. ఆయన కూతురు శైలజను నాకు చేసుకోవాలని అమ్మకీ ఉంది, అత్తయ్యకీ ఉంది. నాకున్న సంగతి వేరే చెప్పాలా? మావయ్య ఒక్కడే ఎటూ తేల్చడు. కారణం గండం. ఎవరో సిద్ధాంతి ఆయన జాతకం చూసి, గండం మెడ మీదకు వచ్చి పోతుందని చెప్పాడట. ఆ రోజునుంచి మావయ్య మెడ దగ్గరకు కత్తి రానివ్వలేదు. మంగలిని మానేసి గడ్డం పెంచాడు. కండువా భుజం మీదే తప్ప మెడ చుట్టూ వేయడు. పెళ్ళి మాటెత్తితే, "గండం గడవనీ అప్పా, తరవాత సూద్దాం" అంటాడు అమ్మతో. అది ఎప్పుడు గడుస్తుందో సిద్ధాంతి చెప్పలేదు. అప్పటికే ఏడాదిన్నర అయింది. గడ్డం బొడ్డుకు చేరేలోగా నా పెళ్ళి అవుతుందా అన్నది మా ఇంట్లో పెద్ద ప్రశ్న.

అలాంటి సమయంలో క్యాసెట్టు సంగతి వచ్చింది. తొంభై ఏడులో మా అక్క పెళ్ళికి తీసిన వీడియో అది, మూడు గంటలు. వీసీఆర్ పాడయ్యాక బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య పడుకుని ఉంది. ఒకరోజు మా ఇంటికి వచ్చిన మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"అప్పా, ఇందులో నాన్న ఉన్నాడు కదే. పోయి ఐదేళ్ళయింది. ఫోటోలో సూత్తే ఊరికే కూకునుంటాడు. నడిసినట్టు ఓపాలి సూడాలనుంది."

 అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకూ తాతయ్య గుర్తొచ్చి దుఃఖం వచ్చింది, నిజమే. కానీ ఆ దుఃఖం వెనకాలే శైలజ కూడా వచ్చింది. వెంటనే లేచి నిలబడ్డాను.

"నాను సీడీ సేయించేత్తాను మావా. అదెంత పని!"

కాశీబుగ్గలో అప్పన్న స్టూడియోకు పట్టుకెళ్ళాను. అప్పన్న క్యాసెట్టు మూత ఎత్తి, రీలు మీద పట్టిన బూజు ఊది, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒట్టి సీడీయేనేటి? ఎఫెక్టులొద్దా?"

"ఏటేటి ఉన్నాయి?"

"పోయినోల్లు కనిపించిన కాడ దండ ఏత్తాం. దీపం ఎలుగుద్ది. కింద అచ్చరాలు వొత్తాయి. ఎనకాల ఏడుపు మ్యూజిక్కు. సుట్టాలు గొల్లుమంటారు."

గొల్లుమనే చుట్టాల మధ్య మావయ్య నన్ను కౌగిలించుకుంటున్న దృశ్యం నా కళ్ళ ముందు కదిలింది. సరేనన్నాను.

"మీ సుట్టాల్లో ఎవులు పోయినారో, ఎవులున్నారో నాకేటి తెలుసు?" అన్నాడు అప్పన్న. "ఏ నిమిషంకాడ వొత్తారో కౌంటరు సూసి రాసి తే."

బారువలో ఉన్న స్నేహితుడి వీసీఆర్ ఒడిలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. క్యాసెట్టు వేశాను. మొదటి ఏడు నిమిషాలూ దేవుళ్ళు, గిరగిర తిరిగే గులాబీలు, నాలుగు మూలలనుంచీ ఎగిరొచ్చే పేర్లు. అదంతా పెళ్ళా ఏమన్నానా? ముందుకు తోసేసి, అసలు పెళ్ళి మొదలైన చోట, టేపు ఎన్ని నిమిషాలు తిరిగిందో చూపే కౌంటరును సున్నా చేసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఇక్కడే, అయ్యలారా అమ్మలారా, మా మావయ్య ప్రాణం పోయింది.

అక్షింతలు వేసే వరసలో తాతయ్య, ఆయన వెనక ఆయన తమ్ముడు, ఆ వెనక మా నాన్న మేనత్త. పోయినవాళ్ళు ముగ్గురూ ఒకేచోట దొరికారు. నిమిషాలూ క్షణాలూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అప్పన్నకిచ్చాను.

"సున్నా మొదట్లోనే నొక్కినావు కదా?"

"మొదట్లోనే," అన్నాను.

సీడీ చేతికిస్తూ కూడా ఆ పుణ్యాత్ముడు చెప్పాడు: "ఓపాలి సూసుకుని పట్టుకెల్లు బాబూ."

"అప్పన్నా, నాను కంప్యూటరు సదువుకున్నోణ్ణి."

"మరింకేటి," అని ఆయన డబ్బులు లెక్కపెట్టుకున్నాడు.

ఆదివారం ఉదయం టెక్కలిలో మావయ్య ఇల్లు కిటకిటలాడింది. టీవీకి ఎదురుగా ఆయన కుర్చీ. గడ్డం దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో శైలజ. రిమోటు నా చేతిలో.

గులాబీలు తిరిగాయి. పెళ్ళి మొదలైంది. పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చే ఘట్టం. మోసేది మేనమామ కదా, తొమ్మిదేళ్ళ కిందటి మావయ్య, నున్నగా గీసిన గడ్డంతో, గంప పట్టుకుని నవ్వుతూ తెరనిండా కనిపించాడు. సన్నాయి టక్కున ఆగింది. ఏడుపు మ్యూజిక్కు మొదలైంది. పైనుంచి బంతిపూల దండ ఊగుతూ దిగి, సరిగ్గా ఆయన మెడలో పడింది. పక్కన దీపం వెలిగింది. కింద అక్షరాలు: 'మమ్మల్ని విడిచి వెళ్ళిన మీ ఆత్మకు శాంతి కలగాలి'.

ఒక ముసలమ్మ అలవాటుకొద్దీ చేతులు జోడించి దణ్ణం పెట్టింది.

"ఏటిది?" అన్నాడు మావయ్య. "నాకు దండేటిరా?"

ఆపేద్దామని రిమోటు నొక్కాను. ఆ కంగారులో పడింది పాజ్ బటన్. దండతో, దీపంతో, నవ్వుతూ, మావయ్య తెర మీద నిలిచిపోయాడు. మళ్ళీ ఎంత నొక్కినా కదలడు. బ్యాటరీలు తీసి తిప్పి పెట్టాను. నా జీవితంలో ఆ విద్య పనిచేయనిది ఆ ఒక్క రోజే.

మావయ్య రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు. "మెడ మీదకి వొచ్చేసింది! సిద్ధాంతి సెప్పినాడు! నా మేనల్లుడి రూపంలో వొచ్చేసింది! ఈడికి నా పిల్లనిత్తానా? ఈడి నీడ నా గుమ్మంలో పడనిత్తానా?"

వంటింటి గుమ్మం వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆ దీపం వెలగడంతోనే నా పెళ్ళి ఆరిపోయిందనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు అత్తయ్య లేచింది. ఏడాదిన్నరగా గండానికి వండిపెట్టిన మనిషి.

"మెడ మీదకి వొచ్చి పోద్దన్నాడు కదా సిద్ధాంతి? వొచ్చింది కదా? దండై వొచ్చి బొమ్మ మెడలో పడింది. మరింకెక్కడుంది గండం? అయిపోనాది. రేపు పొద్దున్నే మంగలికాడికెల్లి ఆ గెడ్డం తీయించుకోండి."

మావయ్య తెర మీద బొమ్మను చూశాడు. మెడ తడుముకున్నాడు. మెడ ఉంది. మెల్లగా అన్నాడు:

"మరి నాన్న ఏడీ?"

శైలజ వచ్చి ప్లేయరు మీదే బటన్ నొక్కింది. నాకు తట్టని విద్య అది. బొమ్మ కదిలింది. నేను లెక్కలో వదిలేసిన ఏడు నిమిషాల పుణ్యమా అని దండలన్నీ ముందే దిగుతున్నాయి. రెండో దండ పురోహితుడికి పడింది, ఆయన మంత్రాలు ఆపలేదు. మూడోది పందిరికి కట్టిన అరటిచెట్టుకు పడింది. ఆ ఒక్కదాని విషయంలో మాత్రం పొరపాటు లేదు, అది నిజంగానే పోయింది. ఆ తరవాత తాతయ్య వచ్చాడు. మెడలో ఏ దండా లేకుండా నడిచొచ్చి, అక్షింతలు వేసి, కెమెరా వైపు తిరిగి కసిరాడు: "ఆ లైటు తియ్యరా, కల్లు పోతన్నాయి!"

మావయ్య నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. నా దండ సరిగ్గా పడి ఉంటే ఆ ఏడుపు మ్యూజిక్కులో ఆ మాట వినిపించేది కాదని తట్టి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు గడ్డం పోయింది. మూడు నెలలకు శైలజతో నా పెళ్ళయింది. మావయ్య పెట్టిన షరతు ఒక్కటే, వీడియో తీయకూడదు. అందుకే మా పిల్లలు పెళ్ళి సీడీ అడిగితే శైలజ తాపీగా చెబుతుంది: "మాది లేదు. మీ నాన్న మీ తాతని సంపిన సీడీ ఉంది, ఎయ్యమంటారేటి?"

కనుక ఆ సీడీ మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాడి పట్టి చూడకుండా, ఇరుగుపొరుగుని విచారించకుండా, సాక్షాత్తూ ఆ మనిషినే అడగకుండా ఎవరికీ దండ వేయను. మావయ్య మాత్రం ఈ ప్రమాణం నమ్మడు. నేను ఫోటో తీద్దామని సెల్లు పైకెత్తితే చాలు, ఆయన చెయ్యి మెడ మీదకు పోతుంది.