తోక నేలకు ఆన్చిన రాక్షసబల్లి

మా చిన్నప్పుడు అమీర్‌పేటలో ఇసుక కుప్ప లేని సందు ఉండేది కాదు... ఎక్కడ చూసినా పాత డాబా పడగొట్టి హాస్టలో, కోచింగ్ సెంటరో కట్టేవారు. మా సందులోని కుప్ప మాత్రం నాదీ, స్రవంతిదీ. మా డైనోసార్ బొమ్మల్ని అందులో పాతిపెట్టి, అరిగిపోయిన టూత్‌బ్రష్షులతో మళ్ళీ తవ్వి తీసేవాళ్ళం.

డైనోసార్ అనడానికి మా నానమ్మకు నోరు తిరిగేది కాదు. మా ఇంట్లో అవి రాక్షసబల్లులే... "ఇంటినిండా ఈ బల్లులేంటే తల్లీ!" అని గొణిగేది. ఊడుస్తుంటే మంచం కింద దొరికితే మాత్రం, పైటచెంగుతో తుడిచి గూట్లో పెట్టేది.

మాది తెనాలి వైపు. స్రవంతి వాళ్ళది సిరిసిల్ల. వాళ్ళ నాన్న మల్లేశం అంకుల్‌కి మా బిల్డింగ్ కిందే టైలరింగ్ షాపు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే కుర్రాళ్ళు, ఇంటర్వ్యూ అనగానే ప్యాంటు పట్టుకుని ఆయన దగ్గరికే పరిగెత్తుకొచ్చేవారు.

మా బొమ్మలన్నీ తోపుడుబండి మీద కొన్నవే. లోపల డొల్ల. వీపు మీద రెండు ముక్కలు అతికిన గీత చేతికి గరుగ్గా తగిలేది. మూడు కొమ్ములది గులాబీరంగు, పొడుగు మెడది నారింజరంగు... రెండు కాళ్ళవన్నీ తోక నేలకు ఆన్చి, బస్సు కోసం చూస్తున్న మనుషుల్లా నిటారుగా నిలబడేవి. వాటన్నిటికీ పెద్ద, స్రవంతి దగ్గరున్న మూరెడు ఆకుపచ్చది. స్రవంతి పచ్చకామెర్లు వచ్చి మంచాన పడ్డప్పుడు వాళ్ళ నాన్న తెచ్చిచ్చాడు. పేరు సర్పంచ్.

నాలుగో తరగతిలో నా పుట్టినరోజుకి నాన్నగారు పంజాగుట్టలో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్ళారు. అద్దాల బీరువాలో కొత్తగా వచ్చిన డైనోసార్లు! ఒకటి కొనిచ్చారు. రబ్బరులా మెత్తన, చేతికి బరువు. చర్మం మీద ముడతలు, విడివిడిగా తెల్లరంగు వేసిన పళ్ళు... ఒళ్ళంతా ముందుకు వంగి, తోక గాల్లో ఉంది. డబ్బాలో చిన్న పుస్తకం కూడా. ఈ జంతువులు తోక ఈడ్చుకుంటూ నడిచేవి కావనీ, పాత బొమ్మలు తప్పనీ అందులో రాశారు.

మర్నాడు ఇసుక మీద కూర్చుని, టీచరమ్మలా అదంతా చదివి వినిపించాను.

"అంటే... మా సర్పంచ్?" అంది స్రవంతి.

"తప్పు. అసలు అలాంటి జంతువే లేదు."

స్రవంతి లేచింది. సర్పంచ్‌కి అంటిన ఇసుక దులిపి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత మూడు రోజులు రాలేదు. క్లాసులో కూడా వేరే బెంచీ. నేనొక్కదాన్నే బొమ్మని పాతిపెట్టి, నేనే తవ్వుకున్నాను... ఎక్కడుందో ముందే తెలిశాక ఇంక తవ్వడమేంటి?

నాలుగో రోజు అమ్మ జాకెట్టు తెమ్మని కిందికి పంపింది. షాపులో స్రవంతి నేలమీద కూర్చుని ఉంది. ముందు సత్తుగిన్నెలో పొగలు కక్కే నీళ్ళు. సర్పంచ్ తోకని అందులో ముంచి, మెత్తబడ్డాక పైకి వంచేసింది. నిలబెడితే బొమ్మ బోర్లా పడుతోంది. మళ్ళీ నిలబెట్టేది, మళ్ళీ పడేది. స్రవంతి వేళ్ళు ఎర్రగా కందిపోయాయి.

"తోక లేపిన బాపూ... నిలవడ్తలేదు."

అంకుల్ మిషన్ ఆపారు. "గట్లెందుకు జేసినవ్ బిడ్డా? మంచిగుండె గదా."

"గది తప్పట. బుక్కుల రాసిండ్రట."

అది నా పేరు చెప్పలేదు.

అంకుల్ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీన్ని జేసినోడు సుత బుక్కు జూసే జేసుంటడు బిడ్డా. అప్పటి బుక్కుల గట్లనే ఉండె." ఖాళీ అయిన పొడవాటి దారపు రీలు ఒకటి తీసి, బొమ్మ రొమ్ము కింద ఆనించి అంటించారు. సర్పంచ్ నిలబడింది... చేతికర్ర పట్టుకున్న ముసలాయనలా.

తప్పయిపోయిందని చెప్పాలి. జాకెట్టు సంగతి మర్చిపోయి, మెట్లెక్కి పైకి పరిగెత్తాను. నా కొత్త బొమ్మ తెచ్చి స్రవంతి ముందు పెట్టాను.

"దీన్ని కూడా నీళ్ళలో ముంచు. తోక కిందికి వంచెయ్."

స్రవంతి బొమ్మనీ, నన్నూ చూసింది. "పాగల్ అయినవా? మంచిగున్నదాన్ని ఖరాబ్ జేస్తరా ఎవరన్న?" ఇంకా బుంగమూతితోనే, "గా బుక్కు తే. ఈసారి నేను సదువుత, నువ్వు విను" అంది.

విన్నాను... ఒక్క ముక్క అడ్డు చెప్పకుండా.

ఆ తర్వాత మా ఆటలో పాతవన్నీ తాతలు, కొత్తవి మనవలు. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా పాతదాని పక్కన పెట్టి, గోళ్ళెన్ని, పళ్ళెన్ని అని పోల్చి చూడటం మా పెద్ద పని.

మేం ఏడో తరగతిలో ఉండగా బిల్డింగ్ చేతులు మారింది. అంకుల్ మిషన్ ఆటోలో ఎక్కించుకుని సనత్‌నగర్ వైపు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు ఫోన్లు... తర్వాత అవీ లేవు.

నేనింకా కొంటూనే ఉన్నాను. ఇప్పుడు వచ్చేవాటికి నోళ్ళు తెరుచుకుంటాయి, కొన్నింటికి ఈకలు కూడా! నాలాంటి పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటుంది. అందులో అందరిదీ ఒకటే సలహా... డబ్బా తెరవద్దు, తెరిస్తే విలువ పోతుంది.

నావల్ల కావట్లేదండీ. ఇంటికి రాగానే చింపేస్తాను. కాకపోతే, నేను చదువుతుంటే మధ్యలో ఆపి "అంటే?" అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు...

మీరు రంగు పోయేదాకా, కాలు విరిగేదాకా ఆడిన బొమ్మ ఏది? పక్కన కూర్చుని ఆడింది ఎవరు? వాళ్ళ పేరు కూడా రాయండి...