సన్యాసిరావు బాబాయికి అందిన చప్పుడు

హిందీ మాట్లాడే గనుల ఊరు కిరండూల్‌లో రైల్వే క్వార్టర్సుకి మేము వచ్చిన కొత్తలో ఇంటింటికీ కుళాయి లేదు. బట్టలన్నీ క్వార్టర్ల లైను చివరి పంపు దగ్గరే ఉతుక్కునేవాళ్లం. మా ఆయన ఇమ్మానుయేలుకి ఇనుపరాయి లోడింగ్ యార్డులో పని. ఆయన ప్యాంటు ముంచితే బకెట్టు నీళ్లు పారాణిలా ఎర్రబడేవి. పక్క బండ మీద ఎర్రమ్మ పిన్ని ఉతుక్కునేది. చంకలో పిల్లతో నేను అవస్థ పడుతుంటే, నన్ను అడక్కుండానే నా బకెట్టు తనవైపు లాక్కునేది. "బట్టలెక్కడికీ పోవు గానీ, ముందు పిల్లకి పాలియ్యే" అనేది. ఆ ఎండ, ఆ సబ్బు వాసన, ఆ నవ్వులు ఇప్పటికీ నా మనసులో ఉన్నాయి.

ఆమె భర్త సన్యాసిరావు బాబాయి కీమేన్‌గా చేసేవాడు. తెల్లవారకుండానే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేవాడు. పట్టాని పట్టి ఉంచే బిగింపుల మీద కొట్టి, చప్పుడు వినేవాడు. గట్టిగా ఉంటే ఒక మోత, వదులైతే ఇంకో మోతట. ఆ మోత మా ఇళ్ల దాకా వినిపిస్తే ఆడవాళ్లం లేచి పొయ్యి వెలిగించేవాళ్లం.

ఆయన రిటైరయ్యాక కొద్ది కాలానికే పిన్ని పోయింది. ప్రభువు సన్నిధికి వెళ్లిందని నేననుకుంటాను. ఆయన మాత్రం ఇక్కడి అమ్మవారు దంతేశ్వరమ్మ పిలిచిందంటాడు. ఎవరి నమ్మకం వాళ్లది. సొంతూరికి వెళ్లిపోతాడనుకున్నాం, వెళ్లలేదు. స్టేషను వెనక ఒక గది తీసుకున్నాడు. మిక్సీ గానీ ఫ్యాను గానీ ఎవరింట్లో మూలిగినా సంచీ పట్టుకుని వచ్చేవాడు. చెవి ఆనించి విని, జబ్బేమిటో చెప్పేవాడు. టీ తప్ప ఇంకేమీ పుచ్చుకునేవాడు కాదు. ఆ టీ తాగుతూ పిన్ని కబుర్లు చెప్పేవాడు. మాకు వస్తువు బాగయ్యేది, ఆయనకు నలుగురి మధ్య పొద్దుపోయేది.

నిరుడు వానాకాలం నాటికి ఆయన చెవులు పోయాయి. ఎవరికీ చెప్పలేదు. పక్కింటి కల్యాణి వాళ్ల ఫ్యాను కీచుమంటుండగానే "బాగయిపోనాదమ్మా" అని సంచీ సర్దుకున్నాడు. కల్యాణి మంచి పిల్ల. "హాయిగా ఉంది బాబాయ్" అని టీ ఇచ్చి పంపింది. కానీ ఆ సంగతి తెలిశాక లైనులో ఎవరూ ఆయన్ని పిలవలేదు. పగలు కూడా ఆయన గది తలుపు వేసే ఉండేది.

సరిగ్గా అప్పుడే మా వాషింగ్ మెషీను గోల మొదలుపెట్టింది. మాది రెండు తొట్ల మెషీను. ఉతికే తొట్టి తిరిగితే గోడ మీద ఏసుప్రభువు పటం కూడా అదిరేది.

"బజార్లో మెకానిక్‌ని తీసుకొస్తాను. ముసలాయన వల్ల అవదే" అన్నాడు మా ఆయన.

"మనం కూడా పిలవకపోతే ఆయన ఇంకెవరింటికి వెళ్తాడండీ?"

"సరే, పిలువు. బాగవకపోతే ఆ మోతకి నువ్వు కీర్తనలు పాడుకో."

బాబాయి వచ్చాడు. ముఖం చిక్కిపోయింది. బట్టలన్నీ తీయించి, వట్టి నీళ్లతో మెషీను తిప్పమన్నాడు. గది దద్దరిల్లిపోతోంది. ఆ మోత బట్టలు ఒక పక్కకి చేరడం వల్ల కాదని తేలిపోయింది. నాలుగు మూలలూ చేత్తో నొక్కి చూశాడు. కాళ్లు సమంగానే ఉన్నాయి. అప్పుడు నా వైపు చూసి అడిగాడు.

"ఇప్పుడు వొస్తందా అమ్మా సప్పుడు?"

ఉందంటే ఆయన గుట్టు బయటపడుతుంది. లేదంటే మెషీను బాగవక మా ఇల్లు కూడా ఆయనకు మూసుకుపోతుంది. ప్రభువా, నాకు దారి చూపించు అనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, లోపల టక్కుమన్నప్పుడల్లా మణికట్టు మీద వేలితో కొట్టాను.

ఆయన చెయ్యి లాక్కోబోయి ఆగాడు. నా ముఖంలోకి చూశాడు. తర్వాత తొట్టి అడుగున తిరిగే పళ్లెం మీద చూపు పెట్టి, "మళ్లీ కొట్టు" అన్నాడు.

కొట్టాను.

"తిరిగినపుడల్లా ఒక్కపాలి కొడతంది. బేరింగయితే ఆగకుండా గీరతాది. పళ్లెం కింద ఏటో దూరీసినాది. ముందు ప్లగ్గు తీ."

నీళ్లు వదిలేసి, నడిమి స్క్రూ విప్పి, పళ్లెం పైకెత్తాడు. కింద ఎర్రటి మడ్డి, దాంట్లో శనగగింజంత ఇనుపరాయి.

"ఏటి ఇమ్మానుయేలూ!" అని కేకేశాడు బాబాయి. "గవుర్మెంటు మాలు జేబులో తెచ్చి ఇంట్లో దాస్తన్నావేటి?"

మా ఆయన పడీపడీ నవ్వాడు. మడ్డి కడిగి, పళ్లెం బిగించి, మళ్లీ తిప్పాం. ఈసారి నీళ్ల గలగల తప్ప ఏమీ లేదు. బాబాయి మెషీను వైపు చూడలేదు, నా ముఖమే చూశాడు. నేను తల ఊపాను.

టీ తాగేటప్పుడు పిన్ని మాట ఎత్తలేదు. గ్లాసు కింద పెట్టి, "ఎన్నాళ్లయి తెలుసమ్మా మీకందరికీ?" అన్నాడు.

వేళ్లు చూపించాను, మూడు నెలలని.

"మరి సెప్పరేటి?"

"మీరు బాధపడతారని బాబాయ్" అన్నాను, ఆయనకు అందేలా చెవి దగ్గర గట్టిగా.

"గదిలో ఒక్కణ్నీ కూకుంటే బాధుండదేటే, పిచ్చిదానా?"

ఆ మాట లైనులో అందరికీ నేనే చెప్పాను.

తర్వాతి ఆదివారం వెనక బస్తీలో జోగే అనే ఆవిడ ఇంట్లో మెషీను మూలిగింది. జోగేది ఈ ఊరే, తెలుగు రాదు. నన్ను తోడు రమ్మంది. బాబాయి వాళ్ల గుమ్మంలోనే చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు ముందుకు చాపాడు. నేను హిందీలో రెండు ముక్కలు చెప్పేలోపే జోగే పక్కున నవ్వి, మెషీను తిప్పి, ఆయన చేతి మీద బొటనవేలితో ఆగకుండా రుద్దింది.

"బేరింగు" అన్నాడాయన. "ఇది నా వల్ల కాదమ్మా, మెకానిక్‌ని పిలవండి."

సంచీ తీసుకుని లేవబోతే జోగే సంచీ లాక్కుని లోపల పెట్టేసింది. మెకానిక్ వచ్చేదాకా కూర్చోమని పీట వేసి, టీకి నీళ్లు పెట్టింది.