గేదెల తొట్టి, ఉమాపతి సార్ అభ్యంతరాలు

ఉమాపతి సార్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటే: అభ్యంతరం. ఎవరేం చెప్పినా ముందు చెయ్యెత్తి "అభ్యంతరం!" అంటాడు, ఆ తర్వాతే వినడం మొదలుపెడతాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో నీళ్ల పరీక్షల పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఆయన. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆయన నోట "సరే" అనే మాట విన్నవాళ్లు లేరు. పెళ్లిచూపుల్లో ఏమన్నాడో వాళ్లావిడే చెప్పాలి, ఆవిడేమో ఆ ఊసెత్తితే లోపలికి వెళ్లిపోతుంది.

మెట్రోలో "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అని వినబడితే చాలు, "అభ్యంతరం! నేను ఇటు తిరిగి నిలబడ్డాను. ఎవరి ఎడమ?" అని పక్కవాణ్ని నిలదీస్తాడు. ఆ పక్కవాడు పాపం హబ్సిగూడలో దిగాల్సినవాడు. ఈయనకు జవాబు చెప్పలేక తార్నాకలోనే దిగి నడుచుకుంటూ పోతాడు.

ఆఫీసు సూపరింటెండెంటు దానియేలు గారు తన కూతురు క్రిస్టినా పెళ్లికార్డు పట్టుకెళ్లి ఇస్తే అదీ అంతే.

"అభ్యంతరం. భోజనాలు పన్నెండింటికని వేశారు. మీ పాస్టరు గారి ప్రసంగం నేను విన్నాను."

"అయ్యా, అది దేవుడి మందిరమండీ, మీ కమిటీ రూము కాదు."

భోజనాలు రెండున్నరకు పెట్టారు. ఉమాపతి సార్ మొదటి బంతిలో కూర్చుని, గడియారం దానియేలు గారికి కనిపించేలా చెయ్యి చాచి మరీ తిన్నాడు.

ఇవన్నీ సరదా. అసలు నరకం చూసింది శిరీష. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అసిస్టెంటు ఆమె, ఉండేది మౌలాలిలో. నెలకోసారి జరిగే నీటి కమిటీ మీటింగులకు మినిట్స్ రాసి టైపు చేయడం ఆమె పని. మీటింగు నాలుగింటికి అయిపోవాలి. నాలుగు కాగానే అందరూ ఫైళ్లు మూస్తారు, సరిగ్గా అప్పుడే ఉమాపతి సార్ చెయ్యి లేస్తుంది. శిరీష బస్సు వెళ్లిపోతుంది. మూడేళ్ల రెండు నెలల్లో ముప్పై ఎనిమిది అభ్యంతరాలు, ముప్పై ఎనిమిది బస్సులు. ఇంట్లో పప్పు మాడిన ప్రతిసారీ ఆమె ఆయన్నే తిట్టుకుంది.

ఇంతకీ ఆ కమిటీ తేల్చాల్సింది ఒక్కటే. క్యాంపస్ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఒకటి ఉంది. శుద్ధయిన నీళ్లు కొన్ని తార్నాక వైపు గోడ పక్కనున్న తొట్టిలో పడతాయి. వాటిని రాములవ్వ అనే ఆవిడ గేదెలు ఆరు తాగుతాయి. ఇలాంటి నీళ్లు పశువులు తాగాలంటే ఏం చేయాలో చెబుతూ పైనుంచి నియమాల ముసాయిదా ఒకటి వచ్చింది. గుర్తింపు పొందిన ల్యాబు పరీక్ష చేసి బాగున్నాయంటేనే తాగించాలట. మంచి మాటే, ఎవరు కాదంటారు? కానీ ఏ ల్యాబుకు గుర్తింపు ఉందో ఆ జాబితా "తర్వాత ప్రకటించబడును" అని కింద రాశారు. ఆ తర్వాత అనేది మూడేళ్లయినా రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! ల్యాబు లేదు కాబట్టి పరీక్ష లేదు, పరీక్ష లేదు కాబట్టి, కమిటీ ఆ ముసాయిదాకు ఊఁ అంటే గేదెలకు నీళ్లు లేవు. అలా మిగిలే నీళ్లు గెస్ట్‌హౌస్ ముందు పచ్చికకూ కొత్త ఫౌంటెన్‌కూ పోతాయి. వాటికి ఏ పరీక్షా అక్కర్లేదు.

ఫౌంటెన్ అంటే కమిటీ చైర్మన్ కరుణాకర్‌కు ప్రాణం. దానికి రంగు లైట్లు కూడా ఆయనే దగ్గరుండి బిగింపించాడు. నీళ్లు మాత్రం రాలేదు, ఎందుకంటే ఉమాపతి సార్ అడ్డం.

"అభ్యంతరం," అన్నాడు ఒక మీటింగులో. "తొట్టి దగ్గర 'ఇది శుద్ధి చేసిన మురుగునీరు' అని బోర్డు పెట్టాలని ఉంది. ఎవరి కోసం? గేదెల కోసమైతే ఏ భాషలో?"

"తెలుగుల పెడదాం సార్," అన్నాడు కరుణాకర్ విసుగ్గా.

"రాములవ్వ గేదెల్లో రెండు హర్యానా నుంచి వచ్చాయి."

నవ్వకండి. ఆ రోజు ఏడుగురు పెద్దమనుషులు, ముగ్గురు పీహెచ్‌డీలు, బోర్డు మీద హిందీ ఉండాలా వద్దా అని నలభై నిమిషాలు వాదించుకున్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నవాళ్లే అందరూ. మధ్యలో అందరూ రాములవ్వ గేదెల పాలతో కాచిన చాయ్ రెండేసి కప్పులు తాగారు.

ఇంకో నెల: "అభ్యంతరం. గేదె తొట్టిలో నీళ్లు తాగడమే కాదు, పడుకుంటుంది కూడా. పడుకోవడం తాగడం కిందికి వస్తుందా?" ఇంకో నెల: "అభ్యంతరం. ఇవే నీళ్లు పచ్చికకు పోస్తారు, పరీక్ష లేదు. ఆ పచ్చిక గేదె మేస్తే?"

"మేస్తే మేస్తది! గేట్ పెడ్తం!" అని కరుణాకర్ బల్ల గుద్దాడు.

"గేటు విషయమై నా తర్వాతి అభ్యంతరం..." అన్నాడు ఉమాపతి సార్. శిరీష పెన్ను మూత కొరికింది.

ప్రతి అభ్యంతరానికీ చైర్మన్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. దానికి నెల గడువు, అది తేలేది తర్వాతి మీటింగులోనే. జవాబు వచ్చేసరికి కొత్తది సిద్ధంగా ఉంటుంది. ప్రతి మినిట్స్ చివరా శిరీష ఒకే వాక్యం కాపీ చేసి అతికించేది: "సభ్యులు గానీ ప్రజలు గానీ ఇచ్చిన అభ్యంతరం తేలేవరకు ప్రస్తుత పద్ధతి కొనసాగును." ముప్పై ఎనిమిది సార్లు అతికించింది. ఒక్కసారీ చదవలేదు. అతికించేవాళ్లు ఎవరు చదివారు కనక!

మే నెలాఖరుకు ఉమాపతి సార్ రిటైర్‌మెంటు. కరుణాకర్ అప్పటిదాకా ఆగి, ముప్పై ఎనిమిదో అభ్యంతరానికి జవాబు పారేసి, శిరీషను పిలిచాడు.

"శిరీషా, సార్ ముప్పై ఒకటిన పోతున్నడు. మీటింగ్ ఒకటో తారీఖు పెట్టు. పదకొండింటికి మొదలైతే పావుగంటల ఖతం. గా బర్రెలామెకు నోటీస్ ఇచ్చి రా. ఒకటో తారీఖు పగటేల నుంచి తొట్టి బంద్."

"అచ్ఛా సార్," అంది శిరీష. ఆ క్షణాన ఆమెకు కనిపించింది గేదెలు కాదు, నాలుగున్నర బస్సులో కిటికీ సీటు.

ముప్పై ఒకటో తారీఖు పొద్దున నోటీసు పట్టుకుని తార్నాక గోడ పక్కకు వెళ్లింది. మూడేళ్లుగా ఆ తొట్టి గురించి టైపు చేస్తోంది గానీ దాన్ని చూడటం అదే మొదలు. ఆరు గేదెలు తలలు వంచి తాగుతున్నాయి. రాములవ్వ పేడ చేతులు కడుక్కుని వచ్చింది.

"ఏందది బిడ్డా?"

"నోటీస్ అవ్వా. రేపు పగటేల సంది తొట్టిల నీళ్లు రావు."

రాములవ్వ కాగితం అందుకోలేదు. "గట్లెట్ల రావు? బోరు ఉగాదికే ఎండిపాయె. గీ ఎండల ఒక్క దినం నీళ్లు లేకుంటె బర్రెలు నిలవడ్తయా? అమ్ముకోవుడే ఇగ. నలభై ఏండ్ల సంది ఇదే పని, ఇంకోటి నాకు రాదు. అయినా గా సారు కొట్లాడుతున్నడు గదా?"

"ఏ సారు?"

"గాయిననే. ఏమన్నా వద్దంటడు చూడు, గా సారు."

రాములవ్వ కొట్టం లోపలికి చూపించింది. అక్కడ ఒక తీగకు చీటీలు గుచ్చి ఉన్నాయి, పూలదండ అంత మందాన. అన్నీ నీళ్ల పరీక్ష ఫలితాలు, అన్నిటి కిందా ఉమాపతి సంతకం.

"మూడేండ్ల సంది ప్రతి సోమారం సీస పట్టుకొని వస్తడు. నీళ్లు తీస్కపోయి చూసి, చీటీ తెచ్చి గుచ్చుతడు. రెండుసార్లు నీళ్లు మంచిగ లేవని తనే నల్ల కట్టేసిండు. కాళ్లు మొక్కినా ఇప్పలే, మొండోడు. గన్ని దినాలు తన కారు డిక్కీల డ్రమ్ములు పెట్టుకొని ఇంటికాడి నీళ్లు మోసిండు. నా చాయ్ మీద గూడ అభ్యంతరమే. చక్కెర ఎక్కువైందంటడు, రెండు తాగుతడు."

"మాకు ఒక్కరికి చెప్పలే," అంది శిరీష.

"మీకు చెప్తె మీ పెద్దసార్లకు తెలుస్తదట. 'అవ్వా, ల్యాబుల లిస్టు వచ్చేదాక ఏదో ఒకటి వద్దంటనే ఉంట. కాగితం మీద నా కొట్లాట తెగనన్ని దినాలు నీ తొట్టి ముట్టలేరు' అన్నడు. మరి ఇయ్యాల్టితోని ఆయిన నౌకరి అయిపాయె. రేపటి సంది ఎవరు వద్దనాలె?"

శిరీషకు సిగ్గుతో చెవులు మండాయి. బోర్డు మీద భాష, పడుకునే గేదె, గేటు... ఒక్కొక్కటీ ఒక్కో నెల నీళ్లు. తను వాటిని బస్సుల్లో లెక్కపెట్టింది! గోడకు ఆనుకుని, తానే ముప్పై ఎనిమిది సార్లు అతికించిన వాక్యాన్ని మొదటిసారి మనసులో చదువుకుంది. "సభ్యులు గానీ..." దగ్గర ఆగింది. తర్వాతి మాట దగ్గర ఇంకాసేపు ఆగింది.

"అవ్వా, రేపు పొద్దుగాల పదింటికి మా ఆఫీసుకు రా. వేలిముద్ర ఎయ్యాలె."

సాయంత్రం వీడ్కోలు సభ. శాలువా, పూలదండ, సమోసా. ముప్పై రెండేళ్లూ ఆయన్ని తప్పించుకు తిరిగినవాళ్లంతా ఆయన లేకపోతే డిపార్ట్‌మెంటు ఏమైపోతుందోనని కన్నీళ్లు పెట్టుకున్నారు. కరుణాకర్ మైకు అందుకున్నాడు.

"సార్ ఆశీస్సులతో రేపటి నుంచి మన ఫౌంటెన్‌ల నీళ్లు ఆడతయి. ఏమన్నా అభ్యంతరమా సార్?"

హాలంతా గొల్లున నవ్వింది. ఉమాపతి సార్ శాలువా సర్దుకుని, "లేదండీ," అన్నాడు నెమ్మదిగా. చప్పట్లు మోగిపోయాయి. శిరీష మాత్రం కొట్టలేదు. అలిసిపోయాడు మనిషి, ఓడిపోయాడు అనుకుంది. ఆ చప్పట్లు కొట్టే చేతులు చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

మర్నాడు పదింటికి రాములవ్వ వచ్చింది. శిరీష అభ్యంతరం రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ముద్ర కొట్టబోతోంది. తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఉమాపతి సార్! ఇన్‌షర్టు లేదు, మెడలో గుర్తింపు కార్డు లేదు, చేతిలో కూరగాయల సంచీ. సంచీలోంచి ఒక కాగితం తీశాడు.

"నిన్నటిదాకా సభ్యుణ్ని. ఈ రోజు ప్రజను. ఇది తీసుకుని నంబరు వెయ్యమ్మా."

"మరి నిన్న లేదన్నరు గదా సార్?"

"నిన్న సభ్యుడిగా లేదన్నాను. నా ముప్పై తొమ్మిదోది నేనెందుకు చెబుతాను? సాయంత్రానికల్లా కరుణాకర్ జవాబు రాసి పారేసేవాడు, ఇవాళ మీటింగులో తేలిపోయేది." అప్పుడు బల్ల మీది కాగితం, పక్కన రాములవ్వనూ చూశాడు. ముఖం మారిపోయింది. చెయ్యి లేచింది. "అభ్యంతరం! మొదటి నంబరు నాది. నెల రోజుల నుంచి రాసి పెట్టుకున్నాను."

"లైన్ల నిలవడుండ్రి సార్," అంది శిరీష, ముద్ర ఠక్కున కొడుతూ. "ప్రజలకు లైన్ ఉంటది. ముందు అవ్వ."

రాములవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఉమాపతి సార్ వెనక దానియేలు గారు కూడా ఒక కాగితంతో నిలబడ్డారు. "చాయ్ పాలు పోతాయని చెప్పావుగా శిరీషా, నేనూ రాశాను. ఆయన మీద ప్రేమ కాదు సుమా," అన్నారు, పెళ్లి భోజనాల సంగతి ఇంకా మరిచిపోకుండా.

పదకొండింటికి కరుణాకర్ నవ్వుతూ, "అభ్యంతరాలు ఏం లేవు గదా?" అని ఫైలు తెరిచాడు. శిరీష మూడు కాగితాలు ముందు పెట్టింది. ఆయన వాటిని తిప్పి తిప్పి చూశాడు, కిటికీలోంచి ఎండిన ఫౌంటెన్‌ను చూశాడు, ఫైలు మూసేశాడు. మీటింగు నిజంగానే పావుగంటలో అయిపోయింది. చివరి వాక్యాన్ని శిరీష ఈసారి అతికించలేదు, ఒక్కొక్క అక్షరమూ టైపు చేసింది.

బయట మెట్ల మీద ఉమాపతి సార్ కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని లెక్కలేస్తున్నాడు. "ఒకదాని తర్వాత ఒకటి తీసుకున్నా మూడు అభ్యంతరాలకు మూడు నెలలు. లిస్టు అప్పటికీ రాదు. వాళ్ల సంగతి నాకు తెలుసు. ఆ తర్వాత?"

"మా ఇంట్ల నలుగురం ఉన్నం సార్, మౌలాలిల," అంది శిరీష. "అందరికి సంతకాలు వస్తయి. నెలకొకరం రాస్తం."

ఉమాపతి సార్ అలవాటుగా చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. కాసేపు వెతికాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"సరే," అన్నాడు.